‘ఏమో’ అనే పిల్లలు, ‘ఎన్నొచ్చాయి’ అనే పెద్దలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 11 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల గురించే. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఊళ్లు తప్ప పేర్లు వేయడం లేదు.

మా బాబు తొమ్మిదో తరగతి. కిందటేడు దాకా స్కూలు కబుర్లన్నీ తనే చెప్పేవాడు. ఇప్పుడు ఇంటికి రాగానే గదిలోకెళ్లి తలుపేసుకుంటున్నాడు. ఏమడిగినా ‘ఏమో’, ‘ఏం లేదు’. రెండోసారి అడిగితే ‘ఎందుకమ్మా సతాయిస్తావ్’ అంటాడు. ఏదైనా దాస్తున్నాడేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

తలుపేసుకోవడం ఒక్కటే అయితే భయం అక్కర్లేదు. 13, 14 ఏళ్లొచ్చాక తనకంటూ ఒక మూల కావాలనిపించడం ఎదుగుదలలో భాగమే. తిండి, నిద్ర, ఆట, స్నేహితులు – ఈ నాలుగూ ఎప్పటిలాగే ఉన్నాయా అన్నది చూడండి. వీటిలో రెండు మూడు ఒకేసారి దెబ్బతిని, రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అప్పుడు స్కూల్లో క్లాస్ టీచర్‌ని కలవండి, అవసరమైతే డాక్టర్‌ని కూడా.

ఇక మాట సంగతి. పొద్దున ఎనిమిదింటికి వెళ్లిన పిల్లాడు సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టేసరికి గుమ్మంలో మూడు ప్రశ్నలు ఎదురవుతాయి: టెస్టులో ఎన్నొచ్చాయి, బాక్సులో అన్నం ఎందుకు మిగిలింది, హోంవర్కు ఎంతుంది. మూడూ తనిఖీలే. వీటిలో ఏ ఒక్కదానికి నిజం చెప్పినా ఇంకో నాలుగు ప్రశ్నలొస్తాయని వాడికి అనుభవం మీద తెలుసు. ‘ఏమో’ అంటే అక్కడితో అయిపోతుంది. అందుకే మొదటి అరగంట ఏమీ అడక్కండి, తినడానికి ఏదైనా పెట్టండి. ‘అటుకుల ఉప్మానా, అట్టు వేయనా’ అన్నదీ ప్రశ్నే, కానీ దానికి తప్పు జవాబంటూ లేదు.

‘ఇలా కూర్చో, నీతో మాట్లాడాలి’ అని ఎదురుగా కూర్చోబెడితే ఈ వయసు పిల్లలు ముడుచుకుపోతారు. మొహాలు చూసుకోనక్కర్లేని పని ఏదైనా ఉంటే నోరు విప్పుతారు. స్కూటీ మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, రాత్రి లైటు తీసేశాక. రోజుకి పది నిమిషాలు అలాంటి పని ఒకటి ఇద్దరూ కలిసి చేయండి. మొదటి వారం ఒక్క మాటా రాకపోవచ్చు. ఆ మౌనాన్ని మీ మాటలతో నింపకండి.

అడిగేది చిన్నదిగా ఉండాలి. ‘ఈరోజు స్కూల్లో ఏం జరిగింది’ అన్నది పెద్దవాళ్లకే జవాబు తోచని ప్రశ్న. ‘లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావ్’ అంటే ఒక పేరు వస్తుంది, ఆ పేరు వెనక కథ వస్తుంది. ‘ఎందుకు’ అనే మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ‘ఎందుకు తగ్గాయి’ అంటే నేరం మోపినట్టు ఉంటుంది. ‘పేపర్లో ఏది తిప్పలు పెట్టింది’ అంటే అది లెక్క గురించి మాట.

అసలు చిక్కు వాడు చెప్పిన తర్వాత వస్తుంది. ‘సైన్స్ సార్ అందరి ముందూ తిట్టాడు’ అన్నాడనుకోండి. మన నోట్లోంచి వెంటనే వచ్చేది ‘నువ్వేం చేశావ్?’ ఆ ఒక్క మాటతో కథ ముగుస్తుంది. దాని బదులు వాడన్న చివరి ముక్కనే తిరిగి అనండి: ‘అందరి ముందా?’ అని ఊరుకోండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేలోగా మిగతాది తనే చెప్తాడు, చాలాసార్లు తన తప్పుతో సహా. అంతా విన్నాక ‘నేను వింటే చాలా, సార్‌తో మాట్లాడమంటావా’ అని అడగండి. వింటే చాలంటే విని వదిలేయండి. ఇది తల్లులకు మహా కష్టం, తెలుసు.

ఇంకొకటుంది, చాలా ఇళ్లలో మాట ఆగిపోవడానికి ఇదే కారణం. పొద్దున కొడుకు చెప్పింది సాయంత్రానికి ఫోన్లో పిన్నికి చేరుతుంది. ఆ పిన్ని పెళ్లిలో కనబడి ‘ఏరా, సార్‌తో గొడవంటగా’ అంటుంది. ఆ రోజు నుంచి తలుపు పడుతుంది. మీ ఇంట్లో అలా జరిగిందేమో గుర్తు చేసుకోండి. జరిగుంటే ‘నువ్వు చెప్పింది పిన్నితో అన్నాను, తప్పు నాదే’ అని ఒక్క ముక్కలో చెప్పండి. దాని తర్వాత ‘కానీ’ అని మొదలుపెట్టకండి. ఇకమీదట మాట బయటకు పోదని చెప్తూనే ఒక మినహాయింపు ముందే పెట్టుకోండి: నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలవాళ్లకి చెప్తాను, అదీ నీకు చెప్పాకే, అని.

మా వాడికి 16 నిండాయి. కాలేజీ ఆరు కిలోమీటర్లు. ఫ్రెండ్స్ అందరికీ బండ్లున్నాయని వారం నుంచి అలక, అన్నం మానేయడం. మా నాన్నగారు కూడా ‘కొనిచ్చెయ్ రా’ అంటున్నారు.
– ఒక తండ్రి, కరీంనగర్

కొనకండి. 16 ఏళ్లకు లైసెన్సు ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. షోరూముల్లో మీరు చూసే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైమాటే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితులకు కట్టిన సొమ్మును మీ దగ్గర రాబట్టుకోవచ్చు కూడా. ఈ లెక్క ముందు మీ నాన్నగారికి చెప్పండి, పిల్లాడికి తర్వాత. తాత ఒక మాట, తండ్రి ఒక మాట అయితే అలక తెగదు.

పిల్లాడితో ఒక్కసారే చెప్పండి: ‘18 నిండిన నెల్లోనే లెర్నర్స్ లైసెన్సుకి నేనే తీసుకెళ్తా, అప్పటిదాకా బస్ పాస్.’ రోజూ అదే వాదన పెట్టుకోకండి. కంచంలో వడ్డించి పిలవండి, రాకపోతే మూతపెట్టి పడుకోండి, బతిమాలొద్దు. ‘90 శాతం తెస్తే కొనిస్తా’ అని మాత్రం అనకండి. మార్కులకీ చట్టానికీ సంబంధం లేదు, వాడు నిజంగానే తెస్తే మీరు ఇరుక్కుంటారు. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న ఎలక్ట్రిక్ బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, మీ దారిలో హైవే దాటాల్సి ఉంటే అదీ ఆలోచించాల్సిందే. ఇంట్లో ఉన్న మీ బండి తాళం ఎక్కడ పెడుతున్నారో కూడా ఒకసారి చూసుకోండి.

పాపకి పదిలో 600కి 571. ఎంపీసీకి విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. రెండు నెలలైంది. ఆదివారం ఫోన్ చేస్తే ఏడుపే. వీకెండ్ టెస్టులో 300కి 52 వచ్చాయంట. ‘ఇంటికొచ్చేస్తా నాన్నా’ అంటోంది. ఫీజు సగం పైనే కట్టేశాం. ధైర్యం చెప్పి ఉంచాలా, తీసుకొచ్చేయాలా?
– ఒక తండ్రి, ఏలూరు జిల్లా

ముందు ఆ 52 సంగతి తేల్చుకుందాం. జేఈఈ మెయిన్ పద్ధతిలో 75 ప్రశ్నలకు 300 మార్కులు. ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. ఉదాహరణకి 20 ఒప్పులు, 28 తప్పులు అయితే 80లోంచి 28 పోయి 52. తెలియకుండా పెట్టిన వాటిలో 14 తప్పులు వదిలేసి ఉంటే అదే పాపకి 66 వచ్చేవి. అసలు పరీక్షలోనే 300కి 150 తెచ్చుకున్నవాళ్లు చాలా ముందు వరసలో ఉంటారు. పదో తరగతి 571ని, దీన్ని పక్కపక్కన పెట్టడమంటే లీటర్లని మీటర్లతో పోల్చడమే. పాపకి ఎవరూ ఈ ముక్క చెప్పి ఉండరు. తను ఆకాశం నుంచి పడ్డాననుకుంటోంది. ‘ఎన్నొచ్చాయి’ అని కాకుండా ‘ఎన్ని పెట్టావు, ఎన్ని వదిలేశావు’ అని అడగండి. అది మార్చుకోగలిగిన విషయం.

ఇక ఆ ఫోన్ కాల్. పాప వెనక పది మంది క్యూలో ఉంటారు, పక్కనే వార్డెన్ ఉంటుంది. మనసులో మాట అక్కడ చెప్పలేదు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ధైర్యంగా ఉండాలమ్మా’ అంటే ‘నీ ఏడుపు మాకు వద్దు’ అని వినిపిస్తుంది. ‘ఎంత కష్టపడి కడుతున్నామో’ అన్న మాట అసలే వద్దు. ఆ మాట విన్న పిల్లలు తర్వాతి వారం నుంచి ‘బాగానే ఉన్నా’ అని అబద్ధం మొదలుపెడతారు. అవును, కాదు అని జవాబు సరిపోయేలా అడగండి. నిద్ర పడుతోందా? అన్నం తినగలుగుతున్నావా? నెలసరి వస్తోందా? నీతో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తున్నారా? ఇంట్లో ముందే ఒక గుర్తుమాట అనుకోండి. ‘అమ్మ కాలినొప్పి తగ్గిందా’ అని పాప అడిగితే దానర్థం ‘రేపే రండి’. పెట్టేసే ముందు ఎప్పుడు వస్తారో తేదీ, టైము చెప్పి ఆ టైముకే వెళ్లండి.

ఇంటిమీద బెంగ మామూలుగా మొదటి వారాల్లో గట్టిగా ఉండి నెల, నెలన్నరకి తగ్గుముఖం పడుతుంది. రెండు నెలలైనా తగ్గలేదంటే వెళ్లి చూడాల్సిందే. ఔటింగ్ తీసుకుని బయట తిండి పెట్టించండి, చదువు ఊసెత్తకుండా ఒక పూట గడపండి. గది, బాత్రూములు, నీళ్లు చూడండి. ఎంతమందికి ఎన్ని బాత్రూములో లెక్కేయండి. స్నానానికి క్యూ కట్టడం కోసం పొద్దున నాలుగున్నరకే లేస్తున్న పిల్ల స్టడీ అవర్లో నిద్రపోతుంది, దానికి మార్కులు తగ్గుతాయి. ఆ ఏడుపుకి మూలం బాత్రూములో ఉండొచ్చు. సెక్షన్ మార్చడం, గది మార్చడం, డేస్కాలర్‌గా మార్చుకోవడం – కాలేజీ ఇన్‌ఛార్జితో ఈ మూడూ ఆ రోజే మాట్లాడండి.

ఆ తర్వాత పాపతో ఒప్పందం: ‘దసరా సెలవుల దాకా చూద్దాం. అప్పటికీ నువ్వు వద్దంటే తీసుకొచ్చేస్తాం, దగ్గర్లో కాలేజీ చూస్తాం.’ ఆ మాట నిజంగా నిలబెట్టుకునే ఉద్దేశం ఉంటేనే అనండి. బయటికి దారి ఉందని తెలిసిన పిల్లలు చాలామంది ఆ దారి వాడరు. లేదని తెలిసినవాళ్ల గురించే మన భయం. కట్టిన ఫీజు తీసుకొచ్చినా పోతుంది, ఉంచినా పోతుంది. ఈ నిర్ణయంలో దానికి చోటు లేదు.

దసరా దాకా ఆగకూడని సందర్భాలున్నాయి. ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాటలు, చేతుల మీద కోతలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోవడం, ఎన్నాళ్లో ఏడ్చిన పిల్ల ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోవడం. వీటిలో ఏది కనిపించినా సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?’ అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునంటే ఆ రోజే వెంట తీసుకురండి, ఒంటరిగా ఉంచకండి, మానసిక వైద్యులకు చూపించండి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు తాళంలో పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు పాపకీ కంఠతా రావాలి.

పదో తరగతి అమ్మాయి. రాత్రి ఒంటిగంట దాకా ఫోను. లాక్కుంటే రెండు రోజులు మాట్లాడలేదు. తను నిద్రపోయాక తీసి చూస్తే ఒక అబ్బాయితో చాటింగ్ ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

రెండు విషయాలున్నాయి, కలపకండి. నిద్ర గురించి ఈ వారం, అబ్బాయి గురించి తర్వాత.

ఈ వయసులో ఒంట్లో గడియారమే గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. పదింటికి నిద్ర రాకపోవడం పొగరు కాదు. కానీ 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఫోను లాక్కోవడం ఎందుకు పనిచేయదంటే, దాంతో గొడవ ఫోను గురించి అయిపోతుంది, ఫోనేమో ఫ్రెండ్ దగ్గర దొరుకుతుంది. పనిచేసేది ఇది: హాల్లో ఒక ఛార్జింగ్ చోటు, ఇంట్లో అందరి ఫోన్లూ రాత్రి పదింటికి అక్కడికి. అందరివీ అంటే మీవి, మీ వారివి కూడా. ‘అలారం కోసం కావాలి’ అంటుంది, ఒక చిన్న అలారం గడియారం ముందే కొనిపెట్టండి. ఒకేసారి ఒంటిగంట నుంచి పదికి దించకండి, వారానికి అరగంట చొప్పున తగ్గించండి. ఆదివారం కూడా మామూలు కంటే గంట, గంటన్నర మించి ఆలస్యంగా లేవకుండా చూస్తే చాలు.

ఇక చాటింగ్. దొంగతనంగా చూసింది పట్టుకుని నిలదీస్తే పాప అబ్బాయిని వదలదు, పాస్‌వర్డ్ మారుస్తుంది. మీరు చదివినదాంట్లో ‘తిన్నావా’, ‘హోంవర్క్ అయిందా’ తప్ప ఇంకేమీ లేకపోతే చూసిన మాట మనసులోనే ఉంచుకుని, ఇకమీదట ఎలా చూస్తారో ముందే చెప్పండి: ‘15 ఏళ్లకి ఫోన్ ఇచ్చాం కాబట్టి నెలకోసారి ఇద్దరం కలిసి సెట్టింగులు, ఎవరెవరు ఫాలో అవుతున్నారో చూస్తాం. మెసేజ్‌లు చదవను.’ ఆ తర్వాత ఒక రోజు, ప్రేమ అన్న మాట మీరే తేలిగ్గా ఎత్తండి. మీ క్లాసులో జంటలు ఉన్నాయా అని అడిగితే వాళ్ల గురించి బోలెడు చెప్తుంది, అందులో తన సంగతీ కొంత ఉంటుంది.

అటువైపు ఉన్నది పెద్దవాడైనా, ఫోటోలు అడుగుతున్నా, ‘మీ అమ్మకి చెప్పకు’ అంటున్నా ఆగకూడదు, చదివానని ఒప్పుకుని మాట్లాడాల్సిందే. ఫోటో ఇప్పటికే వెళ్లి బెదిరింపులు మొదలైతే డబ్బు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 18 లోపు పిల్లల ఫోటోలు సోషల్ మీడియాలో పాకకుండా ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సదుపాయం ఉంది. ఫోటోని ఎవరికీ పంపనక్కర్లేకుండానే వేలిముద్ర లాంటి దాని డిజిటల్ గుర్తును మాత్రమే నమోదు చేసుకుంటుంది. అలాంటి రోజున పాపతో అనాల్సిన మొదటి మాట ‘నాకు చెప్పావు, మంచి పని చేశావు’. తిట్లేమైనా మిగిలితే ఫోటో పెట్టి బెదిరిస్తున్నవాడికి దాచండి.

నా భార్య కువైట్‌లో ఇంటి పనికి పోయి మూడేళ్లయింది. పాపకి 11 దాటినాయి. ఇంట్లో నేనూ, మా అమ్మ. పాప పెద్దమనిషి అయ్యే రోజు దగ్గరపడిందని అమ్మ అంటాంది. పాపతో ఆ మాట నేనెట్ల ఎత్తాల? అమ్మేమో మూలన కూచోబెట్టాల, ఫంక్షన్ చేయాల అంటాంది.
– ఒక తండ్రి, రాజంపేట

తండ్రి చెప్పకూడదనే నియమం ఎక్కడా లేదు. రక్తం చూసి దెబ్బ తగిలిందనుకుని బడి బాత్రూములో ఏడ్చే పిల్లకి, ఎవరు చెప్పి ఉంటే ఏమిటి, ముందే తెలిసి ఉండాలి. రెండు మూడు వాక్యాలు చాలు: ‘కొన్నాళ్లకి నీకు నెలకోసారి కొద్దిగా రక్తం పోతుంది. జబ్బు కాదు, పెద్దవుతున్నావని. అప్పుడు వాడేవి ఇవి, నీ బ్యాగులో పెడుతున్నా.’ మీరు తల దించుకుని గబగబా చెప్తే అది సిగ్గుపడాల్సిన సంగతని నేర్చుకుంటుంది. మందుల షాపులో ప్యాకెట్ కొనేటప్పుడు తననీ వెంట తీసుకెళ్లండి.

బడి బ్యాగులో ఒక చిన్న జిప్ సంచి: రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, చుట్టి పారేయడానికి కాగితం. ప్యాడ్ ఎలా అంటించుకోవాలో ఆశా కార్యకర్తో, లేడీ టీచరో ఒకసారి చూపిస్తారు, అడగండి. తడి తక్కువగా ఉన్నా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. బట్ట వాడితే సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. మంచం కింద, తలుపు వెనక దాచి ఆరేస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు. మొదటి ఒకటి రెండేళ్లు నెల తప్పడం, 45 రోజులకి రావడం మామూలే. ఏడు రోజులు దాటి పోతున్నా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, మూడు నెలలు రాకపోయినా, 15 నిండినా మొదలవకపోయినా డాక్టర్‌కి చూపించాలి. హిమోగ్లోబిన్ ఒకసారి చేయించండి, పాప వయసుకి 11.5 కంటే, 12 ఏళ్లు నిండాక 12 కంటే తక్కువుంటే రక్తహీనత. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని పిల్లలు చాటుగా పారేస్తుంటారు. అన్నం తిన్నాక వేసుకోమనండి, టీతోనూ పాలతోనూ వద్దు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దని ముందే చెప్పండి.

మీ అమ్మగారితో తగువు పెట్టుకోకండి, పంచుకోండి. చిమ్మిలి చేసిపెట్టడం, తలస్నానం చేయించడం, దగ్గర కూచోబెట్టుకుని చెప్పడం జేజి పని. బడి మాన్పించకూడదు, వేరే కంచం, వేరే చాప వద్దు – ఇవి మీ మాటగా గట్టిగా చెప్పండి. ఫంక్షన్ విషయం పాపనే అడగండి. కొంతమంది పిల్లలకి పట్టుపావడా, ఫోటోలు సరదా. బజార్లో ఫ్లెక్సీ మీద తన బొమ్మ పెడితే మగపిల్లల ముందు బడికెలా వెళ్లాలని మాత్రం చాలామంది కుమిలిపోతారు. ఇంట్లో చేసుకోండి, ఫ్లెక్సీ వద్దు.

తల్లి సంగతి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ పాప పడుకునే తొమ్మిదిన్నరకి అక్కడ ఏడు, ఆమె వంటింట్లో పనిలో ఉంటుంది. అందుకే వీడియో కాల్ కుదరక, కుదిరినా చుట్టూ అందరూ ఉండి, తల్లీకూతుళ్లు ‘తిన్నావా’ దగ్గరే ఆగిపోతారు. రోజూ రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి అటు, ఒకటి ఇటు అలవాటు చేయండి. పాప తన ఫోన్లోనో మీ ఫోన్లోనో ఒంటరిగా వినాలి, మీరు వినకూడదు. ఆ రోజు వచ్చేసరికి ఆమె పనిలో ఉండి ఫోన్ ఎత్తలేకపోవచ్చు. ఆ రోజు పాపతో ఏం చెప్పాలనుకుంటోందో ఇప్పుడే రికార్డు చేసి పంపమనండి, విడిగా భద్రం చేసి పెట్టండి.